ఆషాఢంలో రెండో సూది

"గడప తొక్కినావంటే బాగుండదు, చెప్తాండా!"

కమలాక్షమ్మ ఆ మాట అరిచేటప్పటికి లీలావతి గడప దరిదాపుల్లో కూడా లేదు. మురుగుకాలవకు ఇవతల, వీధిలో, ఎండలో నిలబడి ఉంది. చేతిలో నీలం రంగు ఫ్లాస్కు, భుజానికి గుడ్డసంచి. నంద్యాల బస్సు దిగి నేరుగా వచ్చింది. తొక్కాలని ఉన్నా ఆమె ఆ గడప తొక్కగూడదు. ఆషాఢం పట్టి రెండో దినం. కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటగూడదంటారు. ఆ కోడలు పుండరీకవల్లి లోపల, తలుపు చాటునే నిలబడి ఉంది.

"నేను లోపలికి రాను వదినా. వల్లిని పంపించు. రెండో సూది ఏసేసి మూడు గంటల బస్సుకు ఎల్లిపోతా."

"ఎవరమ్మా నీకు వదిన? వదినా వదినా అంటానే నా కూతురి గొంతు కోసినావు గదమ్మా!"

మూడు వారాల కిందట పెండ్లిలో ఈ ఇద్దరు వియ్యపురాండ్లు ఒకే చాప మీద కూర్చొని తమలపాకులు నమిలినోళ్ళే. అంత స్నేహం నిన్న టపాలో వచ్చిన ఒక్క జాబుతో తెగిపోయింది. జాబు రాసింది లీలావతే. చదివింది వల్లి. అమ్మకు వినపడాలని వసారాలో కూర్చొని గట్టిగా చదివింది.

"మల్లికార్జున రక్తంలో ఉండే కామెర్ల క్రిమి సంగతి మీకు తెలిసిందే గదా. అందుకని ఒకటో తారీఖు వల్లికి రెండో సూది తప్పకుండా పడాల. నేనే తెస్తాను," అని ఉంది అందులో.

తెలిసిందే గదా అంట! ఆ ఇంట్లో ఆడోళ్ళిద్దరికీ ఒక్క ముక్క తెలీదు. మల్లికార్జున అంటే వల్లి మొగుడు, నంద్యాలలో విత్తనాల అంగడిలో బుద్ధిగా పనిచేసుకునే పిల్లోడు. వాని రక్తంలో ఏదో క్రిమి ఉందని, ఆ ముక్క చదివిన నిమిషంలోనే వాళ్ళకు తెలిసింది. నిన్నట్నుంచి ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు.

"మాకు తెలుసని ఎట్ల రాసినావమ్మా? ఎవరు చెప్పినారు మాకు?" కమలాక్షమ్మ జాబును ఉండ చుట్టి వీధిలోకి విసిరింది. "రోగిష్టోన్ని తెచ్చి నా బిడ్డకు కట్టినావు. నువ్వు నర్సమ్మవి. ఊరందరికీ నీతులు చెప్పేదానివి. నీకు మనసెట్లొచ్చిందమ్మా దాచేదానికి?"

లీలావతి ముఖంలో రంగు మారింది. తిట్టినందుకు కాదు. ఇరవై ఎనిమిదేండ్ల నుంచి గోస్పాడు పల్లెల్లో సూదులేసుకుంటా తిరిగే మనిషి, ఆమె తినని తిట్టు లేదు. ఆమెకు అర్థమైంది వేరే సంగతి. వీళ్ళకు నిజంగానే తెలీదు.

మెల్లిగా తల తిప్పి ఇంటి పక్కనే, కాలవకు ఇవతలున్న షెడ్డు దిక్కు చూసింది.

ఆడ వల్లి నాయన వరదరాజులు ఉన్నాడు. విగ్రహాలు చెక్కే మనిషి. పొద్దున్నుంచి ఆంజనేయుని తోక చెక్కుతాండాడు. ఇప్పుడు ఉలి చేతిలోనే ఉంది, సుత్తి చప్పుడు మాత్రం ఆగిపోయింది. లీలావతి చూపు తగలగానే ఆయన తల కిందికి దించుకున్నాడు.

ఇంక దాచేదేముంది, మనం చెప్పుకుందాం. ఉగాది పోయిన వారమే, తాంబూలాలు మార్చుకోక ముందే, లీలావతి ఈ షెడ్డులోకే వచ్చింది. కొడుకు రక్తపరీక్ష చీటీ ఆయన చేతిలో పెట్టింది. "అన్నా, ఇది చూసి, ఇంట్లో చెప్పి, పాపకు చెప్పి, అందరికీ ఇష్టమైతేనే ముందుకు పోదాం," అనింది. మూడు దినాలకు వరదరాజులే నంద్యాల పోయి, "అందరికీ చెప్పినా చెల్లెలా, వల్లి కూడా ఒప్పుకున్యాది," అని చెప్పొచ్చినాడు.

ఆ మాట పచ్చి అబద్ధం అని లీలావతికి ఈ పొద్దు, ఈ వీధిలో, ఈ ఎండలో తెలిసింది.

ఒక్క మాట చాలు ఆమె బయటపడేదానికి. "నీ మొగున్నే అడుగు," అంటే అయిపోతాది. నాకైతే ఆ మాట నోటి చివరిదాకా వచ్చేది, మీకైనా అంతే. ఆమె అనలేదు. రెండు మెతుకులు మింగినట్టు ఆ మాటను మింగేసింది. ఆ పిల్లకు ఇప్పుడు కష్టం వచ్చింది, కష్టంలో పుట్టిల్లైనా నిలబడి ఉండల్ల, అమ్మానాయనా కొట్లాడుకుంటే పిల్ల యాడికి పోవల్ల? ఇది ఆమె లెక్క. తిట్లు తన మీద పడినా ఫర్వాలేదనుకుంది. అట్లాంటి మనుషులు ఉంటారప్పా, తక్కువమంది ఉంటారు గానీ ఉంటారు.

"తప్పు జరిగింది వదినా," అనింది. "పాపకు తెలీకుండా పెండ్లి జరగడం తప్పే. ఎవరిది అని ఇప్పుడొద్దు. నన్నెంతైనా తిట్టు. ముందు సూది పడనీ."

"పడదు! ఏ మందు తెచ్చినావో ఎవరికి తెలుసు?"

ఎదురింటి అంకమ్మ అప్పటికే గేటు పట్టుకొని నిలబడింది. ఆమె పక్కన మరో ఇద్దరు. అంకమ్మకు మనసులో మాట నోట్లో ఆగదు.

"ఏమ్మా నర్సమ్మా, పెండ్లి భోజనాల్లో ఆ పిల్లోడు నాకు మజ్జిగ గ్లాసు అందించినాడు. నేను తాగినా. నాకూ అంటుకొని ఉంటాదా?"

"అంటుకోదు అంకమ్మా. గ్లాసులో రాదు, కంచంలో రాదు, పక్కన కూర్చుంటే రాదు. రక్తంలో వస్తాది. ఆలుమగల మధ్య వస్తాది. తల్లికుంటే కడుపులోంచి బయటపడే బిడ్డకు వస్తాది. సూదులు ముందే పడినోళ్ళ జోలికి రాదు."

"మా కోడలికి ఇది తొమ్మిదో నెల. ఆ బిడ్డకూ ఏపించొచ్చునా మరి?"

"ఏపించల్ల. పుట్టిన దినమే ఒకటి, నెలన్నరకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. పిల్లోళ్ళకు సగం మందే. పెద్దోళ్ళకైతే నిండు మందు, ఈ పొద్దు ఒకటి, నెల తిరిగినాక ఒకటి, మొదటిదాని నుంచి ఆర్నెల్లకు ఒకటి. మా ఆసుపత్రికి ఇంకా ఈ మందు రాలేదు, బయట కొనుక్కోవల్ల. కాన్పు కాగానే నాకు కబురు పెట్టు. నేనొచ్చి ఏస్తా."

చూడండి ఆ మనిషిని! ఒక పక్క వియ్యపురాలు నడివీధిలో నిలబెట్టి కడిగేస్తాంటే, ఇంకో పక్క ఇంకా పుట్టని బిడ్డకు సూదుల దినాలు చెప్తాంది. అంకమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

కమలాక్షమ్మకు ఇంకా మండింది. "ఈడ నా కొంప కాలుతాంటే నువ్వు కొత్త బేరం మాట్లాడుకుంటాండావే! లోపలికి పో అంకమ్మా!"

అంకమ్మ పోలేదు.

అప్పుడు తలుపు చాటు నుంచి వల్లి బయటికి వచ్చింది. నిన్నట్నుంచి ఏడ్చిన ముఖం. పెండ్లినాటి పసుపు పాదాలకు ఇంకా పూర్తిగా పోలేదు. గడపకు లోపలనే నిలబడి అత్తను చూసింది.

"పాపా, రా తల్లీ. ఒక్క నిమిషం పని."

"నాకొద్దు."

"వల్లీ..."

"మోసం చేసినోళ్ళ చేతి సూది నాకొద్దు. మొదటిది కూడా మోసమే గదా? క్యాంపు పెట్టినారు, అందరూ ఏపించుకుంటాండారు, నువ్వూ ఏపించుకో అని నాయన తోడుకొనిపోతే నవ్వుకుంటా పోయినా. నా పెండ్లి కోసమని నాకు తెలీదు. ఊర్లో అందరికీ ఏస్తాండారు గదా అనుకున్యా." వల్లి తలుపు రెక్కను గట్టిగా పట్టుకుంది. "ఇంకెన్ని దాచిపెట్టినావో చెప్పు. అన్నీ చెప్పినాక అప్పుడు చూద్దాం."

లీలావతి ఫ్లాస్కును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. ఎండ మండిపోతాంది. లోపల మంచు ముక్కలు గుడ్డలో చుట్టి, మందు సీసా వాటికి తగలకుండా పైన పెట్టి తెచ్చింది. మంచు తగిలి గడ్డకట్టినా మందు చెడిపోతాది, వేడెక్కినా చెడిపోతాది. దారి పొడుగునా ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

"ఈ పొద్దు కాకుంటే రేపు ఏసుకో, రెండు దినాలు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు. నేను అబద్ధం చెప్పను. కానీ పాపా, నా సర్వీసు మొత్తం చూసినా. మొదటి సూదికి వందమంది వస్తారు. రెండోదానికి అరవై మంది. మూడోదానికి నేను పేర్లు రాసుకొని ఇంటింటికీ తిరిగితే ఇరవై మంది. రెండోది మానుకున్నోళ్ళు మూడోదానికి రానేరారు. మూడూ పడితేనే మందు గట్టిగా పట్టేది. నువ్వు మా ఇంటికి వస్తావో రావో అది తర్వాత సంగతి. రాకపోయినా ఈ సూది నీదే."

"రాకపోయినా అంటాది చూడు! అంటే మేం పంపించంలే అని నీకే తెలుసన్నమాట," కమలాక్షమ్మ అందుకుంది. "నా బిడ్డను పంపను. పంపేదే లేదు. ఆ రోగం ఊరికే వస్తాదా? మొగోనికి యాడ తిరిగితే వస్తాదో నాకు తెలీదనుకున్యావా? తిరుగుబోతును కన్నావు, తిరుగుబోతును పెంచినావు!"

అంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లీలావతి అప్పటిదాకా నిలబడే ఉంది. ఇప్పుడు షెడ్డులోకి నాలుగడుగులు ఏసి, ఆడ పడి ఉన్న రాతి దిమ్మె మీద కూర్చుంది. షెడ్డంటే నాలుగు కమ్మీలు, పైన రేకులు. దానికి తలుపూ లేదు, గడపా లేదు.

"నా కొడుకును ఆ మాట అనొద్దు," అనింది. గట్టిగా అనలేదు. "నన్ను అను. వానికి ఆ క్రిమి ఇచ్చింది నేను."

"ఏందీ?"

"నేను కొత్తగా పనిలో చేరినప్పుడు మాకిచ్చింది రెండు గాజు సిరంజీలు, ఆరు సూదులు. వాటితోనే ఊరూరు తిరిగేది. పొయ్యి దొరికిన ఊర్లో ఉడకబెట్టుకునేది. దొరకని ఊర్లో సీసాలో తెచ్చుకున్న వేన్నీళ్ళలో ముంచి, తుడిచి, ఇంకో బిడ్డకు పొడిచేది. అది తప్పని మాకు తెలీదు. ఎవరూ చెప్పల్యా. సగం మంది పిల్లోళ్ళు ఏపించుకున్నాక మిగిలినోళ్ళు ఏడుపులకు బెదిరి పారిపోయేటోళ్ళు. తల్లులు తలుపులేసుకునేటోళ్ళు. నేనేం చేసేదాన్నో తెలుసునా?"

బిడ్డను చంకనేసుకున్నట్టు లీలావతి చెయ్యి నడుముకు ఆనించింది.

"నా బిడ్డను ఎత్తుకొని తిరిగేదాన్ని. వాన్ని అందరి ముందర నిలబెట్టి, చూడండి, నా కొడుక్కే ఏస్తాండా, దీంట్లో చెడు ఉంటే నేను ఏస్తానా, అని ఆ సూదితోనే పొడిచేదాన్ని. వానికి పడాల్సిన సూదులన్నీ అట్లనే, ఒక్కోటి ఒక్కో ఊర్లో. జనం నమ్మినారు. పిల్లోళ్ళను తెచ్చినారు. నేను మంచి నర్సునని మెచ్చుకున్యారు. పోయినేడు వాడు స్నేహితునికి రక్తమిద్దామని పోతే వాని రక్తంలో ఇది బయటపడింది. ఎట్ల వచ్చిందో డాక్టరు గట్టిగా చెప్పలేనన్యాడు. నాకు మాత్రం తెలుసు వదినా. ఆ సూది నాది, ఆ చెయ్యి నాది. వాడు సిగరెట్టు కూడా ముట్టని పిల్లోడు."

లీలావతి ఏడవలేదు. సంచిలోంచి చేతిగుడ్డ తీసి మెడ మీద చెమట తుడుచుకుంది. నడివీధిలో, పదిమంది ముందర, తన పని గురించి తనే అట్లాంటి మాట చెప్పుకోవాలంటే ఎంత గుండె ఉండాల! ఆమె జీతం, ఆమె పేరు, ఆమె బతుకు మొత్తం ఆ సూదిలోనే ఉంది. కొడుకు మీద మచ్చ పడుతుంటే అదంతా తీసి వీధిలో పెట్టేసింది.

షెడ్డులో సుత్తి కిందపడిన చప్పుడైంది.

"చాలు చెల్లెలా. ఇంక నువ్వు మాట్లాడొద్దు," అన్నాడు వరదరాజులు. లేచి వచ్చినాడు. మీసాల మీద, రెప్పల మీద రాతి దుమ్ము. భార్య ముఖం చూడలేక కూతురి ముఖమే చూసినాడు. "వల్లీ, లీలావతమ్మ దాచలేదు. నాకు చెప్పింది. చీటీ చూపించి, సూదులెప్పుడెప్పుడో చెప్పి, ఇంట్లో అందరికీ చెప్పమనింది. నేను చెప్పల్యా. చెప్పినా అని ఆమెకు అబద్ధం చెప్పినా."

"నువ్వా?" కమలాక్షమ్మ మొగుని దిక్కు తిరిగింది.

"పిల్లోడు బంగారం కమలా. మూడు సూదులతో పోయేదానికి సంబంధం పోగొట్టుకోవల్లనా అనుకున్యా. నీకు చెప్తే వద్దంటావు. నీ చెవిన పడితే ఊరంతా పడతాది. మొదటి సూది క్యాంపులో ఏపిస్తే సరిపోతాది, మిగిలినవి వాళ్ళింట్లో పడిపోతాయి, ఎవరికీ తెలీకుండానే అన్నీ అయిపోతాయి అనుకున్యా."

"ఇంతసేపు ఆమెను నేను తిడతాంటే?"

"ఉలి పట్టుకొని కూర్చున్యా." ఆయన తల దించుకున్నాడు. "ఆమె నా పేరు చెప్తాదేమోనని చూస్తాండా. చెప్పల్యా."

కమలాక్షమ్మ నోరున్న మనిషే గానీ న్యాయం తెలీని మనిషి కాదు. ఆమె ఇంట్లోకి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి, కాలవ దాటి షెడ్డులోకి వచ్చి లీలావతి ముందర పెట్టింది.

"తాగు వదినా," అనింది. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"బస్సులో వేరుశనక్కాయలు తిన్నాలే."

వల్లి ఇంకా గడప లోపలే ఉంది. నాయన దిక్కు ఒకసారి చూసింది, అత్త దిక్కు ఒకసారి చూసింది. తర్వాత గడప దాటి, నాయన పక్క నుంచే ఆయన్ని పలకరించకుండా నడిచి, షెడ్డులోకి వచ్చి రాతి దిమ్మె మీద అత్త పక్కన కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"ఎయ్ అత్తా."

లీలావతి చేతులు కడుక్కుంది. కవరులో ఉన్న సిరంజీని వల్లి ముఖం ముందర పెట్టి, "చూడు, కొత్తది. కవరు చిరగలేదు చూసుకో," అనింది. వల్లి చూసి తల ఊపినాకే చించింది. ఫ్లాస్కు మూత తీసి సీసా పట్టుకొని కుదిపి, వెలుగుకు ఎత్తి చూసింది. మందు పాలనీళ్ళ మాదిరి కలిసిపోయి తెల్లగా ఉంది, అడుగున పలుకుల్లేవు. తృప్తిగా "ఊ" అనుకుంది. ఆ ఒక్క నిమిషం ఆమె ఎవరికీ అత్త కాదు, వియ్యపురాలూ కాదు. భుజం కింద కండలో సూది దిగింది, వచ్చింది. వల్లి కండ్లు మూసుకునేలోపల అయిపోయింది.

సూదిని తుంచి రేకుడబ్బాలో ఏసింది. చిన్న అట్టముక్క మీద తారీఖు రాసి వల్లి చేతిలో పెట్టింది.

"మూడోది డిసెంబరు ఒకటి. మార్గశిరం. ఆ దినం నువ్వు యాడ ఉంటే ఆడికి తెస్తా. మా ఇంట్లో ఉన్నా సరే, ఈడ ఉన్నా సరే. ఇంకో ఇంటి కోడలివైపోయినా సరే, ఆ ఇంటి ముందర నిలబడి పిలుస్తా. అది అయిన నెలకు రక్తం చూపిస్తా, పట్టిందో లేదో. నా మాట మీద నమ్మకం పెట్టుకో పాపా, మనువు సంగతి నీ ఇష్టం."

కమలాక్షమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంది.

వల్లి అట్టముక్కనే చూస్తాంది. ఉన్నట్టుండి అడిగింది.

"అత్తా, అందుకేనా ఆయన..." తల్లి దిక్కు చూసి గొంతు తగ్గించింది. "ఆ మూడు వారాలు వేరే మంచం ఏసుకున్యాడు. నేను నచ్చలేదేమో, ఎవరి బలవంతం మీదనో కట్టుకున్యాడేమో అనుకున్యా. దినామూ అదే దిగులు. అమ్మకు కూడా చెప్పుకోలేదు."

"అయ్యో నా తల్లీ!" లీలావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "నచ్చకపోవడమా! మూడు సూదులూ పడేదాకా జాగ్రత్తగా ఉంటానని నాకు మాటిచ్చినాడు. దాని కన్నా ఎక్కువే ఉన్నట్టుండాడు పిచ్చోడు. నీ పేరెత్తితే చాలు వాని ముఖం ఇంత అవుతాది."

వల్లికి ఆ మాటతో ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చినాయి. నిన్నట్నుంచి రోగిష్టి మొగుడు, రోగిష్టి మొగుడు అని విని విని బండబారిన మనసులో, ఆ మంచం దూరంగా ఏసుకున్న మనిషి ఇప్పుడు కొత్తగా కనపడినాడు. చెంపలు తుడుచుకుంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి ఆగిపోయింది.

"నన్ను పంపించే దినం బస్టాండులో ఒక మాటన్యాడు. నువ్వు అంతా తెలిసి నన్ను ఒప్పుకున్యావు చూడు, ఆ మాట నేను సచ్చేదాకా మర్చిపోను, అన్యాడు. దేనికంటాండాడో నాకు అర్థం కాలేదు. ఊరికే తల ఊపినా."

లీలావతి వల్లి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నేను తెలిసే చేసుకున్యా అనుకుంటాండాడా అత్తా?"

"ఔ."

"నాకు తెలీదని ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పొద్దు తల్లీ," అనింది లీలావతి గబగబా. పొద్దున్నుంచి ఆమె గొంతులో వినపడని భయం ఇప్పుడు వినపడింది. "ఆ చీటీ వచ్చిన దినం నుంచి వాడు మనుషుల్లోకి రావడం మానేసినాడు. ఎవరి గ్లాసూ ముట్టుకునేటోడు కాదు. నువ్వు ఒప్పుకున్యావని తెలిసినాకే వాడు మళ్ళా మనిషైనాడు. ఇప్పుడు ఆ పిల్లకు తెలీదు, మోసంతో కట్టించినారు అంటే వాడు విరిగిపోతాడు. నీకు దండం పెడతా. వాన్ని అట్లనే అనుకోనీ."

కొడుకు విషయానికొస్తే ఎంత గట్టి తల్లికైనా కాళ్ళ కింద నేల కదులుతాది. వల్లి చేతిలోని అట్టముక్కను కొంగున ముడేసుకుంది. ఇరవై ఒక్క ఏండ్ల పిల్ల, నిన్నటిదాకా ఎవరు ఏం చెప్తే దానికి తల ఊపిన పిల్ల.

"అత్తా, సంబంధం తప్పిపోవచ్చని తెలిసినా నువ్వు మా నాయనకు నిజం చెప్పినావు. ఈ పొద్దు వీధిలో నీ సూది సంగతి కూడా చెప్పినావు. నన్ను మాత్రం అబద్ధం మీద కాపురం చెయ్యమంటావా? ఆయన నన్ను గొప్పగా అనుకుంటాండేది నేను చేయని పనికి. ఒప్పుకుంటానో లేదో నన్నెవరూ అడగనేలేదు. ఆయనైనా అడగల్ల గదా. అడిగినప్పుడు ఒప్పుకుంటే అప్పుడు ఆ మాట నాది."

లీలావతి తల వంచుకుంది. బస్టాండు దిక్కు నుంచి బస్సు హారన్ వినపడింది. మూడయిపోతాంది. ఆమె లేచి, ఫ్లాస్కులో కరిగిన నీళ్ళు ఒంపేసి, సంచి భుజానికేసుకుంది.

"చెప్పు పాపా," అనింది చివరికి. "నాకు భయమైతాంది గానీ, చెప్పు. నువ్వు చెప్పేదే న్యాయం."

ఆమె పోయినాక వరదరాజులు కూతురి దగ్గరికి రాబోయినాడు. "నాయనా, నీతో తర్వాత మాట్లాడ్తా," అనింది వల్లి. ఆయన ఆగిపోయినాడు. కమలాక్షమ్మ ఏమీ అడగకుండా కొంగుముడి విప్పి రెండు రూపాయి బిళ్ళలు తీసి కూతురి చేతిలో పెట్టింది.

మెయిన్ రోడ్డు మీద, సైకిలు షాపు పక్కనే ఎస్టీడీ బూతు ఉంది. వల్లి విత్తనాల అంగడి నంబరు చెప్పింది. రెండుసార్లు మోగినాక ఎవరో ఎత్తి "మల్లికార్జునా, నీకే," అని కేక పెట్టినారు. గోనెసంచులు ఈడ్చే చప్పుడు, తర్వాత పరుగెత్తుకొచ్చిన మనిషి ఆయాసం.

"వల్లీ? అమ్మ వచ్చిందా? ఏపించుకున్యావా?"

"ఏపించుకున్యా."

"అబ్బ!" అవతల ఊపిరి వదిలిన చప్పుడు. "నొప్పిగా ఉందా? చెయ్యి వాచిందా?"

"లేదు. మీకొక మాట చెప్పల్ల. నేను మొత్తం చెప్పేదాకా నడమ మాట్లాడొద్దు."

"చెప్పు," అన్నాడు మల్లికార్జున నవ్వుతానే.

వల్లి బూతు అద్దం తలుపు దగ్గరికి లాక్కుంది.